పచ్చ అట్ట నోటుబుక్కు

3 మార్చి 2025

డాక్టరు గారు బి.పి. చూసి, "ఏదీ లోపల పెట్టుకోకండి మాస్టారూ, ఓ పుస్తకంలో రాసుకోండి" అన్నాడు. ఆయన ఇంటర్లో నా స్టూడెంటే. తెలుగులో అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. ఇప్పుడు రాసుకోమని నాకు చెబుతున్నాడు.

ఈ మాత్రానికి కొత్త డైరీ ఎందుకు? అల్మరాలో పచ్చ అట్ట లాంగ్ నోటుబుక్కు ఒకటి పడి ఉంది. ముందు సగం దాకా నిండింది. తలకిందులుగా తిప్పి వెనకనుంచి మొదలుపెట్టాను. క్లాసులో పిల్లలు రఫ్ నోట్సు ఇలాగే రాస్తే తిట్టేవాణ్ణి.

రిటైరై మూడేళ్ళు. లోపల పెట్టుకున్నది ఏముంది నాకు? ఏమీ లేదు.

7 మార్చి

సిల్వియా వచ్చింది. 2018లో నా దగ్గర ఎం.ఏ. తెలుగు చేసిన పిల్ల. గుండుగొలను దాటి లోపలికి వెళ్తే కొల్లేటి లంకలో వాళ్ళ ఊరు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఏదో ప్రైవేటు బడిలో తెలుగు చెబుతోందట.

హైదరాబాదులో పిహెచ్.డి.కి అప్లై చేసింది. ఫెలోషిప్పు పరీక్ష ఎప్పుడో పాసైంది, దాని గడువు ఈ ఏడాదితో సరి. ఈలోగా సీటు రాకపోతే ఫెలోషిప్పు పోతుంది. "ఇదే ఆఖరి ఛాన్సండీ మాస్టారూ" అంది. మాస్టార్ల దగ్గరనుంచి రెండు సిఫార్సు ఉత్తరాలు కావాలట. ఒకటి నాది.

ఎప్పుడూ అనే మాటే అన్నాను. "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను."

మన వైపు అందరూ చేసేది అదే. వాళ్ళే తమని తాము పొగుడుకుని రాసుకొస్తారు, మనం కళ్ళజోడు పెట్టుకుని సంతకం చేస్తాం. ఇంజనీరింగు పిల్లలకి కూడా పెట్టాను, మొహం ఎరగని వాళ్ళకి. నా సంతకం ప్రకారం ఈ ఏలూరులో అఖండమైన ప్రతిభ లేని కుర్రాడు ఒక్కడూ లేడు.

ఈ పిల్ల కదల్లేదు. "వద్దండీ. నేను రాసుకుంటే అది నా మాటే కదండీ. మీరు నా గురించి ఏమనుకుంటున్నారో నాకెప్పుడూ తెలీదు. మీరే రాయండి. యూనివర్సిటీ నుంచి మీకే మెయిలు వస్తుంది, మీరు రాసింది నాకు కనపడదు కూడానండీ."

మా ఆవిడ మంగతాయారు కాఫీ ఇచ్చింది. మా కప్పులోనే ఇచ్చింది. మా ఇంట్లో అలాంటి పట్టింపులు లేవు. 2018లో నేను వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు వాళ్ళింట్లో టీ తాగాను. ఆ సంగతి చాలామందికి చెప్పాను.

8 మార్చి

మెయిలు వచ్చింది. మార్చి 31 గడువు. ఇంకా బోలెడు రోజులున్నాయి.

12 మార్చి

ఒక పేరా రాసి కొట్టేశాను. ముప్ఫై ఆరేళ్ళు పాఠం చెప్పినవాడికి ఒక ఉత్తరం లెక్కా? కానీ నిజంగా కూర్చుని రాద్దామంటే ఎక్కడ మొదలెట్టాలో తెలియడం లేదు.

సిల్వియా ప్రాజెక్టు సంగతి రాయాలి. రాయకుండా కుదరదు. కొల్లేటి ఊళ్ళలో ముసలమ్మల దగ్గర కూర్చుని వరదల కబుర్లు రాసుకొచ్చింది. మగవాళ్ళు కొల్లేరుని ఎకరాల్లో చెబుతారు, సర్వే కాంటూరుల్లో చెబుతారు. ఆడవాళ్ళు ఒంటితో చెబుతారు. చీలమండ లోతు, మోకాలి లోతు, నడుం లోతు. ఏ ఏడు ఎంత లోతు వచ్చిందో, ఆ ఏడు ఒంట్లో ఏం జరిగిందో కలిపే చెబుతారు. కాన్పయిందా, కడుపు పోయిందా, పాలు ఇంకిపోయాయా. అది గమనించిన పిల్లకి అప్పుడు ఇరవై మూడేళ్ళు.

గమనించింది. అంతే. గమనించడం వేరు, శాస్త్రం వేరు. "దీన్ని ఏమనాలండీ?" అని నన్నే అడిగింది. "దేహమానం" అన్నాను. ఆ మాట నాది.

మరుసటి ఏడు జాతీయ సదస్సులో నేను చదివిన పేపరు పేరూ అదే. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. హాల్లో ఉన్న ఫోటో ఆ రోజుదే. సంపుటిలో అచ్చు కూడా అయింది. గైడు అన్నాక విద్యార్థి సేకరించిన సరుకు గైడు వాడుకుంటాడు. ప్రపంచంలో ఎక్కడైనా అంతే. చివర్లో "సమాచార సేకరణలో సహకరించిన విద్యార్థులకు కృతజ్ఞతలు" అని వేశాను. విద్యార్థులకు అంటే అందులో ఆమె లేదా?

13 మార్చి

విద్యార్థులకు అని బహువచనం ఎందుకు వేశానో గుర్తు రావడం లేదు. వెళ్ళింది ఆమె ఒక్కతే.

18 మార్చి

మంగతాయారు అడిగింది. "ఆ అమ్మాయి ఉత్తరం పంపారా?"

"తొందరేముంది?"

"మీ గైడు గారు కూడా ఇలాగే అనేవారు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నా గైడు తొమ్మిదేళ్ళు నా థీసిస్‌ని బల్ల సొరుగులో పెట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడడిగినా చూస్తానయ్యా అనేవాడు. చూడకుండానే పోయాడు. నేను పిహెచ్.డి. లేకుండానే రిటైరయ్యాను. ఆయనలాంటి వాణ్ణి కాకూడదని ఆయన పాడె మోస్తూ అనుకున్నాను. కాలేదు కూడా. నేను ఎవరి థీసిసూ దాచలేదు.

26 మార్చి

సిల్వియా మెసేజి. "నమస్తే అండీ మాస్టారూ. ఆరోగ్యం ఎలా ఉందండీ?" ఉత్తరం సంగతి అడగలేదు. అడగకపోవడమే అడగడం.

30 మార్చి

రాసి పంపేశాను. ఆ ఫారంలో ప్రశ్నలు కూడా ఉన్నాయి. ఈ విద్యార్థి మీరు చూసినవాళ్ళలో మొదటి అయిదు శాతంలో ఉందా, పదా, ఇరవై అయిదా, యాభయ్యా అని. ఇరవై అయిదు దగ్గర టిక్కు పెట్టాను. నూటికి ఇరవై అయిదుగురిలో ఉండడం తక్కువేం కాదు.

ఉత్తరం కూడా బాగానే వచ్చింది. క్రమశిక్షణ, సమయపాలన, పెద్దల యెడ వినయం, చక్కని దస్తూరి. నా మార్గదర్శకత్వంలో క్షేత్ర పర్యటన చేసిందని రాశాను. అన్నీ నిజాలే. వెతికితే ఒక్క అబద్ధం దొరకదు.

చివర్లో "ఈ రంగంలో మీ ప్రచురణలు" అని ఒక గడి ఉంది. తప్పనిసరి కాదు, ఖాళీగా వదలొచ్చు. నా పేపరు వివరాలు పెట్టాను, పీడీఎఫ్ కూడా తగిలించాను. హైదరాబాదు వాళ్ళు ఒకసారి చదివితే తప్పేముంది? ఈ మూల కూడా పని జరుగుతోందని తెలుస్తుంది.

24 ఏప్రిల్

సిల్వియాకి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. నూట నలభై మందిలో పన్నెండు మందిని పిలిచారట. సపోటాలు పట్టుకొచ్చింది. "మీ ఉత్తరం వల్లేనండీ మాస్టారూ" అని కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది, వారించాను.

నా ఉత్తరం వల్లే అయ్యుండొచ్చు. వినయం గురించి బాగా రాశాను.

6 మే

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

పదకొండింటికి సిల్వియా వచ్చింది, హైదరాబాదు బస్సు దిగి తిన్నగా ఇక్కడికే. నేను బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను, ఈ పుస్తకం ముందర ఉంది. గేటు చప్పుడు వినగానే దీని మీద న్యూస్‌పేపరు కప్పాను. ఎవరైనా డైరీ అలాగే కప్పుకుంటారు.

ఇంటర్వ్యూలో నా పేపరు ప్రింటు తీసి ఆమె ముందు పెట్టారట. "మీ ప్రపోజల్లో నాలుగు పేరాలు ఇందులోవే ఉన్నాయి. ఇది మీ మాస్టారి పేపరు. ఆయనే మాకు పంపారు. మీరు ఆయన పేరు కూడా ఎక్కడా వెయ్యలేదు" అన్నారట. దొంగతనం అనే మాట వాడలేదట. "కాపీ కిందికి వస్తుందమ్మా" అన్నారట.

"అవి నేను రాసుకొచ్చిన మాటలండీ అన్నాను" అంది సిల్వియా. "పాపమ్మ మా సొంత మామ్మండీ, ఆవిడ చెప్పింది నేను ఇంకొకరి పేపరు చూసి రాస్తానా అన్నాను. నోట్సు చూపించమన్నారు. పదహారో తారీకు లోపల ఒరిజినల్ నోట్సైనా ఇవ్వాలి, లేకపోతే అవి నావని మీరొక కాగితం రాసివ్వాలి. లేదంటే లిస్టులోంచి తీసేస్తారటండీ."

ప్రాజెక్టు కాపీ లేదా అని అడిగాను. ప్రపోజలు రాసుకున్నాక, ఇంట్లో ఉన్న చేతిరాత ప్రతి మొన్న సెప్టెంబరు వరదలో పోయిందట. "నడుం దాకా వచ్చాయండీ నీళ్ళు" అంది. కాలేజీలో పాత ప్రాజెక్టులన్నీ తూకానికి వేసేశారట. అది నాకు తెలుసు, దగ్గరుండి వేయించిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

అప్పుడు అడిగింది. "మాస్టారూ, ప్రాజెక్టుతో పాటు నా ఫీల్డు నోట్సు కూడా మీకిచ్చానండీ, మార్కులు వేసేటప్పుడు. పచ్చ అట్ట లాంగ్ నోటుబుక్కు. మీ దగ్గరే ఉండిపోయింది కదండీ?"

"చెదలు తినేశాయమ్మా" అన్నాను.

పేపరు మీద చెయ్యి పెట్టుకునే అన్నాను. పేపరు కింద ఈ పుస్తకం. పుస్తకంలో నా పెన్ను.

ఆ పిల్ల అల్మరా వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది. "పోనీ ఆ కాగితమైనా రాసిస్తారా అండీ?" అంది. "చూద్దాం" అన్నాను. వెళ్ళొస్తానండీ అని మంగతాయారుకి కూడా చెప్పి వెళ్ళింది. చెప్పులు వేసుకునేటప్పుడు గోడ పట్టుకుంది.

7 మే

మా అల్మరా టేకుది. దానికి చెదలు పట్టవు.

8 మే

ఇవ్వాలనే అనుకుంటున్నాను. ఎందుకివ్వను? నాకేం పని ఈ పుస్తకంతో? కానీ ఇందులో నా రాతలున్నాయి. ముందు నా పేజీలు చింపి, అప్పుడివ్వాలి. మూల ఎక్కడో దొరికిందమ్మా అని చెప్పొచ్చు. చెదలు ఒక్క పుస్తకాన్ని వదిలేశాయని చెప్పొచ్చు.

ఇది నడిమికి దారంతో కుట్టిన పుస్తకం. చివరి కాగితం పట్టుకుని లాగాను. మొదటి కాగితం కూడా కదిలి చేతిలోకి వచ్చింది. రెండూ ఒకటే కాగితం. మార్చి మూడున నేను రాసుకున్న పేజీ, ఆమె మొదటి రోజున రాసుకున్న పేజీ. ఎన్ని చింపితే అన్ని ఆమెవీ ఊడిపోతాయి.

చేతిలోకి వచ్చిన దాన్ని చదివాను. 2017 డిసెంబరు, పాపమ్మ, వయసు తెలీదు. "మోకాలి లోతొచ్చిన ఏడు మా తోమా పుట్టేడే. నడుం లోతొచ్చిన ఏడు ఆడు పోయేడు. రొమ్ము లోతొచ్చిన ఏడు నా పాలింకిపోయాయి, అప్పుడు నీ బాబు చంకలో పిల్లోడు, పక్కింటామె పాలిచ్చి బతికించింది. కొల్లేరెంత లోతని నన్నడిగితే ఏం చెప్పనే, నాకున్నంత లోతు."

కింద మార్జిన్లో సిల్వియా రాత, పెన్సిలుతో: "ఇలా కొలవడానికి పేరేదైనా ఉందా? మాస్టారిని అడగాలి."

నా పేపరు రెండో పేజీలో పాపమ్మ మాటలు అలాగే ఉన్నాయి. "ఒక వృద్ధురాలు ఈ వ్యాసకర్తతో ఇలా అన్నది" అని వేశాను. ఆ వృద్ధురాలు నాతో అన్నది "టీలో పంచదార సరిపోయిందాండీ" అని మాత్రమే. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

నాకు సిగ్గుగా ఉంది. ఇక్కడ రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. రాశాను కనుక ఇంక ఇవ్వడం మరీ కష్టం.

కాగితాన్ని మళ్ళీ అట్ట లోపల కుట్టు వెంబడి పెట్టి అంటించాను.

10 మే

మంగతాయారు కాఫీ గ్లాసు ఈ పుస్తకం పక్కనే పెట్టింది. పెట్టి, నిలబడింది.

"ఆ అమ్మాయి అడిగింది దీన్నే కదండీ?"

నేను గ్లాసు అందుకున్నాను.

"నేను చదవలేదు లెండి. దుమ్ము దులుపుతూ తిరగేశాను. ఇటునుంచి చూస్తే మీ రాత, అటునుంచి చూస్తే ఆ పిల్ల రాత. ఇచ్చెయ్యండి."

"ఇందులో నేను రాసుకున్నవి ఉన్నాయి."

"ఉంటే?"

"అందరూ చదువుతారు. యూనివర్సిటీ వాళ్ళు కూడా."

"చదవనివ్వండి. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో మీరు నిజం రాసిన పుస్తకం ఇదొక్కటే అయ్యుంటుంది."

ఎంత మాట అంది! నలభై ఏళ్ళ కాపురంలో ఎప్పుడూ ఇలా అనలేదు. మధ్యాహ్నం భోజనం వడ్డించింది కానీ ఎదురుగా కూర్చోలేదు.

13 మే

పొద్దున్నే స్నానం చేసి, పుస్తకాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి, సంచీలో పెట్టుకుని బస్సెక్కాను. "తాడేపల్లిగూడెం వెళ్ళి ఆ అమ్మాయికి ఇచ్చేస్తాను" అని మంగతాయారుకి చెప్పాను. మొహం విప్పారింది. గొడుగు తెచ్చిచ్చింది.

భీమడోలు దాటేదాకా నిశ్చింతగా ఉంది. చేతికి ఇచ్చి, నా పేజీలు చదవకమ్మా అని చెబుదామనుకున్నాను. చదవకమ్మా అంటే ఆ పిల్ల చదవదు. అలాంటి పిల్ల. ఇంత తేలిక పనికి ఇన్నాళ్ళు కొట్టుకున్నానేమిటి అనిపించింది.

బడి తాళం వేసి ఉంది. వాచ్‌మన్ పేరు విశ్వాసం అట, వేపచెట్టు కింద కుర్చీలో ఉన్నాడు. "సెలవులు కదండీ. జూన్ పన్నెండుకి తెరుస్తారండీ" అన్నాడు. టీచర్ల ఫోను నెంబర్లు ఉన్నాయి, చెయ్యమంటారా అని కూడా అడిగాడు. వద్దన్నాను. ఆమె నెంబరు నా దగ్గరే ఉంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. అప్పుడు నవ్వొచ్చింది. ముప్ఫై ఆరేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. మే నెలలో బడి ఉండదని నాకు తెలియదా? తెలుసు. బస్సెక్కేటప్పుడే తెలుసు. గొడుగు అందుకునేటప్పుడే తెలుసు.

ఆమె ఊరికి దిగాల్సింది దారిలోనే. గుండుగొలనులో బస్సు ఆగింది, ఇద్దరు దిగారు. నేను సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బస్సు కదిలింది.

మంగతాయారుతో "ఆ పిల్ల లేదు" అన్నాను. అదీ నిజమే.

14 మే

కాగితం రాశాను. "సదరు విద్యార్థిని నా పర్యవేక్షణలో సేకరించిన సమాచారంలో కొంత భాగం నా వ్యాసంలో ఉపయోగించబడినది." ఉపయోగించబడినది! ఎవరి చేత? పిల్లలు ఇలా రాస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టేవాణ్ణి. చింపేశాను.

మళ్ళీ రాశాను. "ఆ మాటలు సిల్వియావి. నేను తీసుకున్నాను." చాలా పొట్టిగా ఉంది. దీనికి నా లెటర్‌హెడ్డు ఎందుకు?

సంతకం పెట్టలేదు. ఏలూరంతటికీ పెట్టిన సంతకం.

15 మే

రేపు ఉదయం స్కాన్ చేసి మెయిలు పెడితే సరిపోతుంది. సాయంత్రం అయిదింటి దాకా టైముంది.

16 మే

కరెంటు లేదు.

16 మే, మళ్ళీ

కరెంటు మూడింటికే వచ్చింది.

20 మే

సిల్వియా ఫోను చేసింది.

"నా పేరు తీసేశారండీ మాస్టారూ." ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చడానికి నేను తయారుగా ఉన్నాను. "ఫెలోషిప్పు ఎలాగూ పోయింది. వచ్చే ఏడు ఫెలోషిప్పు లేకుండానే మళ్ళీ అప్లై చేస్తానండీ. మామ్మ లేదు కానీ లంకలో ఇంకా ముగ్గురు ముసలాళ్ళు మిగిలారు. ఎండలు తగ్గాక వెళ్ళి మళ్ళీ మొదటినుంచీ అడుగుతాను."

"తప్పకుండా చెయ్యమ్మా" అన్నాను. గొంతు బాగానే పలికింది. "ఈసారి ఉత్తరం ఇంకా బాగా రాస్తాను."

"వద్దండీ" అంది. "ఈసారి నేనే రాసుకొస్తానండీ మాస్టారూ. మీరు సంతకం పెడితే చాలు."

మర్యాదలో ఏ లోటూ లేదు. అండీ పోలేదు, మాస్టారూ పోలేదు. సరేనమ్మా అన్నాను. అమ్మగారిని అడిగానని చెప్పండి అని పెట్టేసింది.

మంగతాయారు గుమ్మంలో నిలబడి వింటోంది. ఎవరని అడగలేదు.

నా పేజీలు కూడా అయిపోయాయి. రాసుకుంటూ రాసుకుంటూ వచ్చి ఆమె రాతని కలిశాను. ఈ కాగితానికి అవతలి వైపున ఆమె చివరి పేజీ ఉంది. పేపరుకి కావలసింది ముందు పేజీల్లోనే దొరికింది కనుక ఏడేళ్ళలో నేను ఇంత దూరం రాలేదు. ఇప్పుడు పుస్తకం తిప్పి చదివాను. రెండే వాక్యాలు.

"మాస్టారు మార్కులు వేశాక ఈ పుస్తకం తిరిగి తీసుకోవడం మర్చిపోకూడదు. మామ్మకి చదివి వినిపిస్తానని మాట ఇచ్చాను."

ఇంక చోటు లేదు.